ఒకే ముడిలో మూడు బొడ్డుపేగులు

‘పడని మందు’ నవల: తొమ్మిదో భాగం

తోలుబొమ్మలాట గురువు ప్రయోత్ మండే దవడ పట్టుకుని విశ్వవిద్యాలయం ఆసుపత్రికి రావడమూ, నొప్పికి మాత్ర మొదలుపెట్టే ముందు అక్కడ మందుల మీద పరిశోధన చేసే రవీవన్ అతని రక్తం పరీక్షించడమూ, ఆ మాత్ర అతని ఒంటికి పడదని తేలడమూ ఇదివరకు చూశాం. పడని వాళ్లు వేసుకుంటే ఏమవుతుందో ఆమె అతనికి దాచకుండా చెప్పింది. ముందు జ్వరం, కళ్లమంట, నోట్లో పుళ్లు. ఆపైన ఒంటి మీద మచ్చలు లేచి, సలసలా కాగిన నీళ్లు పోసినట్టు చర్మం ఊడి రావడం. అంతా విని ప్రయోత్, "మా అక్క సాయ్‌జయ్ ఇలాగే పోయింది, ఆచాన్," అన్నాడు, విశ్వవిద్యాలయం పంతుళ్లను అందరూ పిలిచే పిలుపుతో. "అక్క కూడా మూర్ఛకి మాత్రలు వేసుకునేది గానీ, అక్కని తీసుకుపోయింది మాత్ర కాదు. మా ఊళ్లో సంగువన్ అని చెట్లమందు వైద్యుడొకడు ఉండేవాడు. వాడి కషాయం."

ఆ సంగువన్ రవీవన్ కన్నతండ్రి.

ఊరంతా ఇంటి మీదికి వచ్చిన రోజున ఆమెకు పదేళ్లు. కల్వాన్ని సరస్సులోకి విసిరేసి, పెళ్లాన్నీ పిల్లనీ తీసుకుని లారీ ఎక్కిన ఆ మనిషి, మళ్లీ ఎవరికీ ఒక్క ఆకు నూరి ఇవ్వలేదు. ఇప్పుడు హాట్ యాయ్‌లో కూతురింటి వరండాలో బుల్‌బుల్ పిట్టలకు అరటిపండు పెట్టుకుంటూ కాలం గడుపుతున్నాడు. "ఆ రోజు ఆమెకేమిచ్చావు నాన్నా?" అని రవీవన్ జీవితంలో ఒక్కసారే అడిగింది. "ఎప్పుడూ ఇచ్చేదే ఇచ్చాను," అన్నాడు. "మరి ఎందుకలా అయింది?" అనేసరికి పంజరం మీద గుడ్డ కప్పి లోపలికి వెళ్లిపోయాడు.

సాయ్‌జయ్‌కు కూడా తమ్ముడికున్న జన్యువే ఉందేమో చూడగలిగితే చిక్కు సగం విడుతుంది. కానీ దహనమైపోయిన మనిషి రక్తం ఎక్కడ దొరుకుతుంది? బూడిదలో ఏమీ మిగలదు. అలా దారి మూసుకుపోయిందనుకున్న చోట ప్రయోత్ తల గోక్కుని ఒక మాట అన్నాడు: "మా అమ్మ దగ్గర మా ముగ్గురి బొడ్డుపేగులూ ఉన్నాయి. పనికొస్తాయా?"

*

"నువ్వు బండిలోనే కూర్చో," అన్నాడు ఆచాన్ కమోల్, తన పాత పికప్‌ను సరస్సు గట్టు మీదికి తిప్పుతూ.

కమోల్ ఆ పరిశోధనకు పెద్ద. నున్నటి గుండు, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండే నోరు. బియ్యపు పొడి చల్లి వేయించిన వేరుశనగలు ఒళ్లో పెట్టుకుని, ఒక చేత్తో బండి, ఒక చేత్తో గింజలు నడుపుతున్నాడు.

"ప్రయోత్ అమ్మ సంతకం నేను తీసుకుంటాను. నీ తండ్రి వ్యవహారం ఉన్నచోట నీ చెయ్యి పడకూడదు."

"చెయ్యి వెయ్యను ఆచాన్. నమూనా గొట్టానికి పేరు కాకుండా అంకె వేసి మీరే పంపండి. ఎవరిదో తెలియని వాళ్లనే పరీక్ష చెయ్యనీయండి. కానీ నేనెవరో చెప్పకుండా ఆ ముసలావిడ బిడ్డ గుర్తు అడిగి తీసుకోవడం నా వల్ల కాదు."

"చెబితే మంచినీళ్లు కూడా ఇవ్వదు."

"దాహంతోనే వస్తాను."

కమోల్ గుప్పెడు గింజలు ఆమె చేతిలో పోశాడు. "ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నీకేం తేలాలని ఉంది?"

రవీవన్ కిటికీలోంచి బయటికి చూసింది. వాన వెలిసి నీటి మీద తామరాకులు బోర్లించిన పళ్లేల్లా మెరుస్తున్నాయి. గేదెలు మెడలోతు నీళ్లలో మేస్తున్నాయి. తండ్రి నిర్దోషి అని తేలాలి అనుకుంటే సరిపోయేది. అదైతే ప్రతి కూతురూ అనుకునేదే. కానీ ఆమెను ఇన్నాళ్లూ నిద్రపోనివ్వనిది అది కాదు. విరిగిన పంటి మీదికి నాలుక ఊరికే పోతున్నట్టు, ఆమె బుద్ధి ఎప్పుడూ ఒక్కచోటికే పోయేది. ఒకే మందు నూరుమంది తాగి లేచి కూర్చుంటే, నూట ఒకటో మనిషి ఎందుకు పడిపోతుంది? ఈ చదువు ఎంచుకున్నదీ, రక్తపు గొట్టాల మధ్య పడి ఉన్నదీ ఆ ప్రశ్న కోసమే.

"ఏదైతే నిజమో అదే," అంది. "నాన్న కషాయమే అని తేలినా సరే."

"అది నోటితో అన్నంత తేలిక కాదమ్మా," అన్నాడు కమోల్. ఆపైన దారి పొడుగునా గింజలు నమలలేదు.

*

ప్రయోత్ తల్లి ఇయం అవ్వ ఇంటి ముందు తుంగ కట్టలు ఆరబోసి ఉన్నాయి. అవ్వ స్తంభాల మీద నిలిచిన ఇంటి కింద నీడలో నిలబడి, తన ఎత్తున్న రోకలితో తుంగను దంచి చదును చేస్తోంది. డెబ్బై దాటిన మనిషి. దెబ్బ మాత్రం పడాల్సిన చోటే పడుతోంది. చిన్న కూతురు లమై ఒక పక్కన కూర్చుని చాప అల్లుతోంది. ప్రయోత్ చెంపకు తువ్వాలు అదిమి పెట్టుకుని ఎదురొచ్చాడు. గాలి తగిలితే చాలు, దవడలో మెరుపు కొడుతుంది అతనికి.

"ఎలా ఉంది అన్నా, కొత్త మందు?" అని అడిగింది రవీవన్.

"నిద్రొస్తోంది ఆచాన్. నొప్పి సగం తగ్గింది, మనిషిని సగం అయ్యాను." అతను మూతి ఒక పక్కకే కదిలిస్తూ మాట్లాడుతున్నాడు. "రాక్షసుడి గొంతు పలుకుతోంది గానీ రాకుమారి గొంతు రావట్లేదు. దానికి పెదాలు మొత్తం కావాలి. మొన్న ఆటలో రాక్షసుడు ఒక్కడే నిలబడి తనకి తానే ప్రేమ కబుర్లు చెప్పుకున్నాడు. జనం అదేదో కొత్త కథనుకున్నారు."

కమోల్ పగలబడి నవ్వాడు. లమై మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. రవీవన్ గ్లాసు అందుకుంది గానీ తాగలేదు.

అవ్వ రోకలి దించకుండానే పలకరించింది. "మావాడి ప్రాణం కాపాడింది నువ్వేనంటగా. అన్నం తిని పోవాలి. పుల్లటి చేపల పులుసు పెట్టింది లమై. ఏ ఊరు పిల్లా మీది?"

"హాట్ యాయ్ అవ్వా."

"అక్కడ అందరూ ఎక్కడినుంచో వచ్చినవాళ్లేగా. పుట్టిందెక్కడ?"

"ఇక్కడే."

"ఇక్కడంటే?"

"రేవుకి అవతల. పనసచెట్ల ఇల్లు."

రోకలి గాల్లో ఆగింది. తర్వాత మెల్లగా నేలకు దిగింది. అవ్వ నడుము మీద చెయ్యి వేసుకుని, రవీవన్ మొహంలోకి చాలాసేపు చూసింది. నుదురు, కనుబొమలు, చెవులు ఒక్కొక్కటే తడిమినట్టు.

"సంగువన్ కూతురివి."

"అవునవ్వా."

"బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"నా బిడ్డ లేదు." అవ్వ గొంతు పెంచలేదు. "లమై, ఆ గ్లాసు తీసెయ్."

లమై కదలలేదు. రవీవన్ తనే గ్లాసు అరుగు మీద పెట్టి చేతులు జోడించింది. ప్రయోత్ ఏదో అనబోయి దవడ పట్టుకుని కూలబడ్డాడు. మెరుపు కొట్టింది. కొడుకు నొప్పి చూసి కూడా అవ్వ కళ్లు మరల్చలేదు.

"అమ్మా," అంది లమై, "ఈమె పరీక్ష చేయకపోతే ఈపాటికి తమ్ముడు కూడా..."

"నాకు తెలుసు. అందుకే తిట్టకుండా నిలబడ్డాను." అవ్వ రవీవన్ వైపు ఒక అడుగు వేసింది. "వీడు నాకంతా చెప్పాడు. సాయ్‌జయ్ బొడ్డుపేగు కావాలన్నావంట. ఎందుకా అనుకున్నాను. ఇప్పుడర్థమైంది. మీ అయ్యని కడగడానికి వచ్చావు. నా బిడ్డ బొడ్డుతో."

"కడగడానికి కాదవ్వా. తెలుసుకోవడానికి."

"రెండిటికీ తేడా ఏంటే?"

"తెలుసుకోవడానికి వస్తే, ఆయన చేతిదే అని తేలొచ్చు. అప్పుడు కూడా మీ దగ్గరికే వచ్చి చెబుతాను. అసలేమీ తేలకపోవచ్చు కూడా. అంత పాత ముక్కలో మాకు కావలసింది మిగిలిందో లేదో నాకు తెలియదు. మిగిలి, మేం వెతికేది దొరికినా, మాత్ర వల్లే పోయిందని ఒట్టేసి చెప్పలేను. అలా అయ్యే గుణం ఆమెలో ఉందని మాత్రం చెప్పగలను."

"మరి ఇన్ని లేకపోవడాల కోసం ఇంత దూరం వచ్చావా?"

"వచ్చాను."

ఆ జవాబు అవ్వకు ఎక్కడో తగిలినట్టుంది. రోకలి గోడకు ఆనించి, అరుగు మీద కూర్చుని, తమలపాకు తీసి సున్నం రాయడం మొదలుపెట్టింది. కూర్చోమనలేదు. పొమ్మనీ అనలేదు.

కమోల్ అదే అదనుగా అరుగు కింది మెట్టు మీద చతికిలపడ్డాడు. "అవ్వా, ఒక మాట. ఈ ఇంట్లో రొయ్యలు పడని వాళ్లెవరైనా ఉన్నారా?"

"లమై. ఒక్క రొయ్య తింటే మొహం గుమ్మడికాయవుతుంది."

"మిగతావాళ్లు?"

"బుట్టలకి బుట్టలు తింటారు."

"రొయ్య తప్పా మరి?"

"రొయ్య తప్పేంటి, దాని ఒంటికి పడదంతే."

"అదే మేం చదువుకున్నది," అన్నాడు కమోల్. "ఈ పెద్ద చదువంతా ఆ ఒక్క ముక్క. మందూ అంతే. మనవాళ్లలో నూటికి ఏడెనిమిది మందికి పుట్టుకతోనే ఒక గుణం ఉంటుంది. వాళ్లలో అందరికీ కాదు గానీ, కొందరికి ఈ మాత్ర వేస్తే ఒళ్లు తన మీద తనే తిరగబడుతుంది. బయటి దేశాల్లో తెల్లవాళ్లకి ఆ గుణం ఉండటం బహు అరుదు. అందుకే మాత్ర తయారుచేసిన చోట ఇది ఎవరి కంటా పడలేదు. మన దగ్గరే పడింది."

అవ్వ ఆకు మడిచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. తర్వాత చాలా మామూలుగా అడిగింది.

"ఆ గుణం ఎక్కడినుంచి వస్తుంది?"

కమోల్ రవీవన్ వైపు చూశాడు. తరగతి గదిలో ఈ ప్రశ్నకు రవీవన్ చెప్పే జవాబు ఒక్క వాక్యం. ఇక్కడ దాన్ని ఒక తల్లికి చెప్పాలి.

"తల్లి నుంచి గానీ, తండ్రి నుంచి గానీ," అంది.

"ఓహో," అంది అవ్వ. ఎర్రటి ఉమ్మి పక్కకు ఉమ్మింది. "ఇన్నేళ్లూ మీ అయ్య నెత్తి మీద ఉన్నదాన్ని దింపి, ఇప్పుడు నా కడుపు మీద పెడుతున్నావు. తెలివైనదానివే."

నీటి మీద ఏదో పక్షి అరిచింది.

"ఎవరి మీదా పెట్టడం లేదవ్వా," అంది రవీవన్. "ప్రయోత్ అన్నకి మీ ముక్కు వచ్చింది. మీరు ఎంచి ఇచ్చారా? ఇదీ అలాంటిదే. మీరు ఇచ్చారో, తాత ఇచ్చాడో కూడా తెలియదు. ఆ రోజుల్లో ఆ గుణం ఒకటుందని భూమ్మీద ఎవరికీ తెలియదు. మాత్రిచ్చిన డాక్టరుకి తెలియదు. మా నాన్నకి తెలియదు. మీకు తెలియదు. ఇంతమంది తెలియనివాళ్ల మధ్య ఒక పిల్ల పోయింది. ఎవరో ఒకరి మీద పడాలి కాబట్టి ఇల్లు దగ్గరగా ఉన్నవాడి మీద పడింది."

"ఊరికే పడలేదు!" అవ్వ గొంతు మొదటిసారి లేచింది. "నా కళ్లారా చూశాను. మీ అయ్య కషాయం తెచ్చిచ్చింది సాయంత్రం. నేనే గిన్నె పట్టుకుని తాగించాను. తెల్లారేసరికి దాని పెదాలు పగిలిపోయాయి. మర్నాటికి వీపు మీద చర్మం నా చేతికి వచ్చింది. నా చేతికి! ఇంకేం కావాలే నీకు?"

రవీవన్ కళ్లు మూసుకుంది. తండ్రి ఎప్పుడూ చెప్పని రోజు అది. వినకుండా పారిపోవాలనిపించింది. కానీ వింటున్నకొద్దీ లోపల ఇంకో మనిషి, ప్రయోగశాలలో కూర్చునే మనిషి, మెడ సాచి ముందుకు వంగింది. ఏదో ఒకటి వరుస తప్పింది. ఏమిటది?

"అవ్వా, ఒక్కటి అడుగుతాను. కోప్పడకండి. నాన్నని ఆ సాయంత్రం ఎందుకు పిలిచారు?"

"ఎందుకేంటి? ఒళ్లు కాలిపోతోంది కాబట్టి పిలిచాం."

"అంటే కషాయం తాగక ముందే జ్వరం ఉంది."

"జ్వరం వచ్చింది కాబట్టే గదా మీ అయ్యని పిలి..."

మాట అక్కడే తెగిపోయింది. అవ్వ దవడ ఆడటం ఆగింది.

రవీవన్ చాలా మెల్లగా అడిగింది. "కళ్లు ఎలా ఉన్నాయి, అప్పటికి?"

అవ్వకు బదులు లమై చెప్పింది. ఆమె అప్పటికి పెళ్లి కాని పిల్ల. "ఎర్రగా ఉన్నాయి. దీపం తీసెయ్యమంది అక్క. వెలుతురు పొడుస్తోందంది. అది... అది సంగువన్ మామ రాకముందు రోజు."

"నోరు?"

"అన్నం మింగలేకపోయింది. ఉప్పు మండుతోందంది. ఆ రోజే."

"మూర్ఛకి మాత్రలు మొదలుపెట్టి అప్పటికెన్నాళ్లు?"

"రెండు వారాలు అయ్యుంటుంది. మాత్రలు వేసుకున్నాక మూర్ఛ రావడం ఆగిపోయింది కదమ్మా. అక్క ఎంత సంబరపడిందో. గుడి ఉత్సవానికి కూడా వచ్చింది మాతో."

ఇరవై ఏళ్లుగా ఆ ఊళ్లో ప్రతివాళ్లూ చెప్పుకున్న కథే అది. కషాయం తాగింది, పోయింది. కషాయం ఎందుకు తాగవలసి వచ్చిందో మాత్రం ఎవరూ అడగలేదు. జ్వరం ఆ గడప తొక్కాకే సంగువన్ తొక్కాడు. రవీవన్ మనసు హాట్ యాయ్ వరండాలోకి పోయింది. సంతోషంతో కాదు. తండ్రి ఆ సంగతి గ్రహించాడా? గ్రహించీ, ఒక తల్లి ముందు నిలబడి వాదించలేక లారీ ఎక్కాడా?

కమోల్ ఆమె మనసు చదివినట్టు మెల్లగా అన్నాడు. "రుజువు కాదు రవీ. గుర్తుంచుకో. జ్వరానికి కారణాలు వెయ్యి. అనుమానం దిశ మారింది, అంతే."

"తెలుసు ఆచాన్."

అవ్వ లేచింది. ఎవరి మొహమూ చూడకుండా, మెట్ల కడ్డీ పట్టుకుని పైకి ఎక్కి గదిలోకి వెళ్లింది. పెట్టె తెరిచిన చప్పుడైంది. ప్రయోత్ లేవబోతే లమై చెయ్యి పట్టి ఆపింది.

దిగి వచ్చినప్పుడు అవ్వ చేతిలో ఒక పాత పౌడరు డబ్బా ఉంది. మూత తీసి, లోపలి గుడ్డను ఒళ్లో పరిచి విప్పింది. ఎండిన అల్లం ముక్కల్లాంటివి మూడు. ఒకే దారంతో, ఒకే ముడిలో కట్టి ఉన్నాయి.

"ముగ్గురివీ కలిపి కడితే పెద్దయ్యాక కొట్టుకోరని మా అమ్మ చెప్పింది," అంది. "కొట్టుకోలేదు కూడా."

ప్రయోత్ తువ్వాలు మొహం మొత్తానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏది ఎవరిదో తెలుసా అవ్వా?" అడిగాడు కమోల్.

"ఒక్కోదానికి ఒక్కో రంగు నూలు చుట్టాను. ఎర్రది సాయ్‌జయ్‌ది." అవ్వ వాటిని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది. నూలు మూడు చోట్లా ఒకే మట్టిరంగులోకి దిగిపోయింది. ఆమె పెదవి కదిలింది. "ఎర్రది..."

"తెలియకపోయినా ఫరవాలేదు," అంది రవీవన్ తొందరగా. "ప్రయోత్ అన్న రక్తం మా దగ్గర ఉంది. లమై అక్క కొంచెం ఉమ్మి ఇస్తే చాలు. మూడింట్లో ఒకటి అన్నతో కలుస్తుంది, ఒకటి అక్కతో కలుస్తుంది. ఎవరితోనూ పూర్తిగా కలవనిది సాయ్‌జయ్‌ది."

అవ్వ ఆమె వైపు చూసింది. ఆ చూపులో కోపం పోలేదు. కానీ కోపం పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది. "పోయిన బిడ్డని అలా కూడా గుర్తుపడతారా?"

"పడతాం అవ్వా."

"ముడి విప్పాలా?"

"మీరు వద్దంటే విప్పం."

అవ్వ గోరు ముడి మీద ఆనింది. విప్పలేదు. తియ్యనూ లేదు.

కమోల్ లమైకి చిన్న గొట్టం ఇచ్చి ఎంతవరకు ఉమ్మాలో చూపించాడు. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది. "నాక్కూడా ఉంటుందా ఆచాన్, ఆ గుణం?"

"ఉండొచ్చు, లేకపోవచ్చు. బొమ్మాబొరుసూ."

"నాకుంటే నా పిల్లకీ?"

"మళ్లీ బొమ్మాబొరుసే. అయినా భయమెందుకు? ఆ మాత్ర వేసుకోనంతకాలం ఆ గుణం వల్ల ఏ హానీ లేదు. రొయ్య తినకుంటే సరి."

"మా పిల్లకి మొహం నొప్పి లేదులెండి," అంది లమై, తనకు తానే సర్దిచెప్పుకుంటూ.

రవీవన్ తల ఎత్తింది. "మొహం నొప్పికే కాదక్కా. మూర్ఛకీ అదే మాత్ర. అన్నకి రాయబోయిందీ, సాయ్‌జయ్ వేసుకున్నదీ ఒకటే. అందుకేగా మాకు అనుమానం వచ్చింది."

లమై చేతిలోని గొట్టం జారి తుంగ మీద పడింది.

"ఒకటేనా?" అంది. "రెండు జబ్బులకీ ఒకటే మాత్రా?"

"ఒకటే. ఏమైందక్కా?"

లమై తల్లి వైపు చూసింది. తమ్ముడి వైపు చూసింది. "అమ్మా, నీకు చెప్పొద్దంది. మళ్లీ అక్క జబ్బే వచ్చిందని తెలిస్తే నువ్వు తట్టుకోలేవని..."

"ఎవరే? ఎవరు చెప్పొద్దన్నారు?"

"మా పిల్ల దాలా. దీవిలో పని చేస్తూ చేస్తూ వంటింట్లో పడిపోయిందంట. రెండుసార్లు. పడవలెక్కే రేవు ఊళ్లో క్లినిక్‌కి వెళ్తే మూర్ఛ అన్నారు. మాత్రలిచ్చారు."

"ఎప్పుడు?" అంది రవీవన్.

"రెండు వారాలు కావస్తోంది."

ఆ మాత్రకు ముందు రక్తపరీక్ష చేయడమన్నది అప్పటికి విశ్వవిద్యాలయం దాటి బయటికి రాలేదు. ఏ క్లినిక్‌లోనూ అడిగేవాళ్లు లేరు. రవీవన్ లేచి నిలబడింది. "ఫోన్ చెయ్యండి అక్కా. ఇప్పుడే."

దాలా లమై ఒక్కగానొక్క కూతురు. సతున్ తీరానికి అవతల, సముద్రంలో దూరంగా ఉన్న దీవిలో ఒక యాత్రికుల విడిదిలో వంటపని చేస్తోంది. ఫోన్ చాలాసేపు మోగింది. ఎత్తాక ముందు గాలి హోరు, తర్వాత కిలకిలమంటున్న గొంతు, అరుగు మీద అందరికీ వినిపించేంత గట్టిగా.

"ఏంటమ్మా, మళ్లీ ఏం కల కన్నావు?"

"దాలా, ఎలా ఉన్నావే?"

"బానే ఉన్నా. కాస్త జ్వరం. వానల్లో ఇక్కడ అందరికీ అదే. కళ్లల్లో ఇసుక పడ్డట్టుంది, రాత్రంతా గాలి కదా." నవ్వింది. "ఒకటి చెప్పనా, ఇవాళ తోటి వంటమనిషితో పెద్ద గొడవ. పులుసులో ఇంత కారం పోస్తే ఎవడు తింటాడని తిట్టేశాను. నోరంతా మండిపోయిందనుకో."

పచ్చి మిరపకాయలు నంజుకుని తినే పిల్ల అది.

రవీవన్ ఫోన్ అందుకుంది. "దాలా, నేను విశ్వవిద్యాలయంలో మందుల మీద పరిశోధన చేస్తాను. నా పేరు రవీవన్. మూర్ఛ మాత్ర ఇవాళ వేసుకున్నావా?"

"పొద్దున వేసుకున్నా. రాత్రిది ఇంకా... మీకెవరు చెప్పారు? అమ్మా!"

"రాత్రిది వేసుకోవద్దు. ఇక ఒక్కటి కూడా వద్దు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. మూర్ఛకి వేరే మందు అక్కడ ఇస్తారు."

"ఏంటండీ మీరు?" గొంతులో నవ్వు పోయింది. "ఒక్క పూట మానినా మళ్లీ పడిపోతావని డాక్టరు ఖచ్చితంగా చెప్పారు. ఇక్కడ నిప్పుల మధ్య పని నాది. ఎవరో ఫోన్లో చెబితే మానెయ్యాలా?"

న్యాయమైన మాటే. తనైనా అదే అనేది. ఏం చెబితే నమ్ముతుందో రవీవన్ వెతుక్కునే లోపే ఇయం అవ్వ ఫోన్ లాక్కుంది. ఒళ్లోని గుడ్డ అరుగు మీద పడిపోయింది, ముడి ముడిగానే ఉంది.

"దాలా, అవ్వని."

"అవ్వా? నువ్వెందుకు... అసలెవరావిడ?"

"సంగువన్ కూతురు."

"సంగువనా? పెద్దమ్మని చంపిన..."

"నోరు ముయ్." అవ్వ ఊపిరి పీల్చుకుంది. "నా బిడ్డ నా చేతుల్లో పోయింది. అప్పుడు నాకు చెప్పేవాళ్లు లేరు. నీకు ఈమె ఉంది. ఆమె ఎలా చెబితే అలా చెయ్. మాత్రలు సముద్రంలో పారెయ్."

"సరే అవ్వా," అంది దాలా చిన్నగా. "కానీ ఆసుపత్రికి ఎలా వస్తాను? పొద్దున్నుంచీ రేవులో ఎర్రజెండా ఎగరేశారు. పడవలన్నీ ఒడ్డుకి లాగేశారు. గాలి ఎప్పుడు తగ్గుతుందో ఎవరికీ తెలియదంటున్నారు."

కమోల్ అప్పటికే తన ఫోన్ చెవికి ఆనించుకుని పికప్ వైపు పరుగెడుతున్నాడు. "తీర గస్తీ పోలీసులు! ఎవరైనా సరే, తీర గస్తీ పోలీసులతో మాట్లాడించండి!" అన్న అరుపు వినిపించింది.

అవ్వ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని రవీవన్ చెవి దగ్గర పెట్టింది.

"దాలా, విను," అంది రవీవన్. "భయపడకు. నిజం చెప్పు. ఒంటి మీద ఎక్కడైనా మచ్చలు ఉన్నాయా?"

"లేవు." కాళ్ల చప్పుడు. తలుపు చప్పుడు. "ఉండండి, అద్దం దగ్గరికి వెళ్తున్నా. ఎలాంటి మచ్చలు?"

"మధ్యలో ముదురుగా ఉండి, చుట్టూ ఎర్రగా..."

మళ్లీ గాలి హోరు. ఆ హోరులోంచి, ఇందాకటి కిలకిల ఆనవాలైనా లేని గొంతు వినిపించింది.

"ఆచాన్... పొద్దున మొహం కడుక్కున్నప్పుడు మెడ మీద ఇవి లేవు."